గోల్డ్ వింగ్ వెనక ఒంటి చక్రం ట్రైలర్: హిచ్, టైరు, బరువు సంగతులు

మీరడిగింది ఇది: డాలస్‌లో 2019 హోండా గోల్డ్ వింగ్ టూర్ డీసీటీ (గేర్లు తనంతట తానే మార్చుకునే మోటార్ సైకిల్) ఉంది. సామాన్లకి ఒంటి చక్రం ట్రైలర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. భార్యాభర్తలిద్దరూ టెంటు సామానుతో కొలరాడో వెళ్లి రావాలి. పాత ఓనరు పెట్టించిన బాల్ హిచ్ (ట్రైలర్‌ని ఇనుప గుండు మీద తగిలించే అమరిక) బండికి ఉంది. దానికే తగిలించొచ్చా, ఎంత బరువు వేయొచ్చు, హైవే మీద తోక ఊపుతుందా?

బాల్‌కి మాత్రం తగిలించకండి. రెండు చక్రాల ట్రైలర్ తనంతట తాను నిలబడుతుంది. బండి మలుపులో ఒరిగినా అది ఒరగదు కాబట్టి దానికి బాల్ దగ్గర అన్ని వైపులా కదిలే వీలుండాలి. ఒంటి చక్రం ట్రైలర్‌ని నిలబెట్టేది మీ బండే. బండి ఎంత ఒరిగితే అదీ అంతే ఒరగాలి. అందుకని దాని హిచ్‌కి రెండే కదలికలు ఉంటాయి: కుడీ ఎడమా తిరగడం, పైకీ కిందికీ ఊగడం. మూడోది, అంటే మెలి తిరగడం, అస్సలు ఉండకూడదు. బాల్ మీద పెడితే బయల్దేరకముందే పక్కకి పడిపోతుంది. ట్రైలర్ కొనేటప్పుడు బండివైపు ఉండే హిచ్ ముక్కని కూడా అడిగి తీసుకోండి. అది లేకుండా అమ్ముతుంటే ధర ఎంత తక్కువైనా వదిలేయడం మేలు. వేరేచోట చేయించిన జాయింటు సరిగ్గా కుదరడం అరుదు.

ఆ జాయింట్‌లో ముందు పిన్నుల వరస చూడండి. బండి వైపు నిలువు పిన్ను, దాని తర్వాత ట్రైలర్ వైపు అడ్డ పిన్ను ఉండాలి. కొందరు వెల్డింగ్ షాపులో చేయించుకున్నవాటిలో ఇది తిరగబడి ఉంటుంది. నేరుగా వెళ్తున్నంతసేపూ తేడా తెలియదు. పెట్రోల్ బంకులో బండిని బాగా మలిపి ట్రైలర్ అడ్డంగా వచ్చినప్పుడు, బండికి పైకీ కిందికీ ఊగే కదలిక ట్రైలర్‌కి మెలిగా మారుతుంది, డబ్బా బోర్లా పడుతుంది.

ఇక లూజు. ఒంటి చక్రం ట్రైలర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలుతాయి. బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి, ట్రైలర్ తగిలించి, ఒకరు బండిని కదలకుండా పట్టుకోవాలి. ఇంకొకరు డబ్బా పైఅంచు పట్టుకుని పక్కలకి ఊపాలి. టైరు, సస్పెన్షన్ ఇచ్చే మెత్తదనం వేరు, "టక్" మని తగిలే ఆట వేరు. టక్‌మంటే అది ఎక్కడినుంచి వస్తోందో వెతకండి: నిలువు పిన్ను బుష్‌లా (పిన్ను తిరిగే లోహపు తొడుగులు), అడ్డ పిన్ను బుష్‌లా, లేక హిచ్ గొట్టం దూరే రిసీవరా. గోల్డ్ వింగ్‌కి బయట దొరికే హిచ్‌లు చాలావాటికి చదరపు రిసీవర్ ఉంటుంది. 2 అంగుళాల గొట్టంలో 1 మిల్లీమీటరు ఖాళీ ఉన్నా, అర మీటరు పైనున్న డబ్బా అంచు దగ్గర అది దాదాపు 1 సెంటీమీటరు అవుతుంది. రెండు చక్రాల ట్రైలర్‌కి ఈ ఖాళీ చప్పుడు మాత్రమే, మీ ట్రైలర్‌కి ఊపు మొదలయ్యేచోటు. రిసీవర్‌కి యూ-బోల్టు బిగింపు గానీ, లోపలినుంచి ఒత్తే వెడ్జ్ బోల్టు గానీ తప్పకుండా వేయించండి. బుష్‌లు కంచువైతే మార్చడం తేలిక. అరిగాయనిపిస్తే పిన్నూ బుష్షూ జతగా మార్చాలి. కొత్త బుష్‌లో పాత పిన్ను వేస్తే, పిన్ను అరిగినచోట మళ్లీ ఖాళీ అలాగే ఉంటుంది. జాయింటుకి గ్రీజు నిపుల్ ఉంటే రోజూ బయల్దేరేముందు ఒక్క పంపు చాలు, బయటికి వచ్చిన గ్రీజు తుడిచేయండి. దుమ్ము పట్టిన గ్రీజు ఎమరీ పేపర్‌లా అరగదీస్తుంది.

నిలువు పిన్ను నిజంగా నిలువుగా ఉండాలి, అదీ మీరిద్దరూ కూర్చుని సామాను వేసిన తర్వాత. ఖాళీ బండి మీద సరిచూసుకుని ఊరుకుంటే, మనుషులెక్కగానే వెనక భాగం దిగి పిన్ను వాలుతుంది. వాలిన పిన్ను చుట్టూ తిరిగే ట్రైలర్ మలుపులో బండితో సమానంగా ఒరగదు, కొంచెం తేడాగా ఒరుగుతుంది. మీ మోడల్‌లో వెనక స్ప్రింగ్ ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే నొక్కి ఉంచే బిగువు) మీటలతోనే మార్చుకోవచ్చు, నాలుగు సెట్టింగులుంటాయి. ఇద్దరూ సామానూ ఉన్న సెట్టింగు పెట్టి, ఇద్దరూ కూర్చుని, పిన్ను పక్కన చిన్న స్పిరిట్ లెవెల్ పెట్టి చూడమని మూడో మనిషికి చెప్పండి. ఒకటి రెండు డిగ్రీల తేడాని పట్టించుకోనక్కర్లేదు. 5 డిగ్రీలుంటే హిచ్ కింద షిమ్ (పలుచటి రేకు ముక్క) వేయాలి.

హిచ్ బ్రాకెట్టు ఛాసిస్ ఫ్రేము బోల్టులకే పట్టాలి. నంబర్ ప్లేటు రేకుకో, లగేజీ ర్యాకుకో బిగించినవి కనిపిస్తుంటాయి. అవి కొన్ని వందల మైళ్లలో వెల్డింగ్ దగ్గర పగులుతాయి, ఎందుకంటే అక్కడికి వచ్చేది బరువొక్కటే కాదు, ప్రతి గుంతకీ కిందికీ పైకీ కొట్టే దెబ్బ కూడా. బిగింపు ఎంతో హిచ్ తయారీదారు చెప్పిన అంకెనే పాటించండి. ఏమీ లేకపోతే 8.8 గ్రేడ్ ఎం10 బోల్టుకి సుమారు 45 న్యూటన్ మీటర్లు, ఎం8కి 22 నుంచి 25. అల్యూమినియం మరల్లోకి పోయేవాటికి ఇంకా తక్కువ. నైలాన్ నట్టు ఒకసారి విప్పితే కొత్తది వేయండి. బిగించిన ప్రతి నట్టు మీదా బోల్టు మీదా కలిపి ఒక పెయింటు గీత గీయండి, కదిలితే గీత విడిపోయి కంటికి కనిపిస్తుంది. మొదటి 50 మైళ్ల తర్వాత టార్క్ రెంచితో అన్నీ మళ్లీ ఒకసారి చూడాలి. ఇక్కడే ఒక మాట: గోల్డ్ వింగ్‌కి ట్రైలర్ గానీ సైడ్ కార్ గానీ తగిలించవద్దని హోండా ఓనర్స్ మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. వేలమంది తగిలిస్తున్నారు, నిజమే. కానీ వారంటీ, ఇన్సూరెన్స్ విషయంలో ఆ వాక్యం మీ ఎదుటివాళ్ల చేతిలో ఉంటుందని తెలిసి దిగండి. ట్రైలర్ లాగుతున్నట్టు ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

టైరు విషయం చాలామంది చూడరు. మీ ట్రైలర్ ఒరుగుతుంది కాబట్టి దాని టైరు గుండ్రటి అంచుది, అంటే స్కూటర్ రకం, కావాలి. పడవల ట్రైలర్లకి వేసే 4.80-8 లాంటి చదును టైరు వేసి అమ్ముతుంటారు. అది ఒరిగినప్పుడు అంచు మీద నడుస్తుంది, మధ్యభాగం నేలకి ఆనదు. పైగా అమెరికాలో ఎస్‌టీ గుర్తున్న ట్రైలర్ టైర్ల మీద వేగం అక్షరం ఏదీ లేకపోతే వాటిని గంటకి 65 మైళ్లకే లెక్కేస్తారు. స్కూటర్ టైర్లలో 3.50-10 సైజు తేలికగా దొరుకుతుంది, పక్కన 59జె అని ఉంటుంది. 59 అంటే 243 కిలోలు మోస్తుంది, మీ బరువుకి అది ఎక్కువే. జె అంటే గంటకి 100 కిలోమీటర్లు, అంటే 62 మైళ్లు. టెక్సాస్‌లో 75 మైళ్ల బోర్డులున్న రోడ్డు మీద అది చాలదు. ఎల్ అక్షరం ఉంటే 120 కిలోమీటర్లు, ఎం అయితే 130, పి అయితే 150. కనీసం ఎల్, దొరికితే పి వేయించి, మీరు మాత్రం 65 మైళ్ల దగ్గరే ఉండండి. 3.50-10 చక్రం చుట్టుకొలత దాదాపు 1.35 మీటర్లు, మీ వెనక చక్రానిది దాదాపు 2 మీటర్లు. అంటే ఆ చిన్న బేరింగు మీ బండి బేరింగు కంటే ఒకటిన్నర రెట్లు వేగంగా తిరుగుతూ ఉంటుంది. ట్రైలర్ పాతదైతే బేరింగులు బాగున్నాయా లేదా అని తర్జనభర్జన అక్కర్లేదు, రెండు వైపులా సీలున్న కొత్త జత వేసేయండి. టైరు వయసు దాని పక్కగోడ మీద ఉండే డీఓటీ నంబరు చివరి నాలుగంకెల్లో ఉంటుంది: 2316 అంటే 2016లో 23వ వారం. ట్రైలర్ టైర్లు అరగవు, షెడ్డులో ఎండిపోతాయి. పైకి కొత్తగా కనిపించినా ఆరేళ్లు దాటితే తీసేయండి.

గాలి ఎంత పెట్టాలన్నదానికి టైరు మీద రాసిన గరిష్ఠ పీఎస్‌ఐ జవాబు కాదు. 243 కిలోలు మోసే టైరు మీద 50 కిలోలే పడుతున్నప్పుడు పూర్తి గాలి కొడితే ప్రతి అతుకు మీదా చక్రం ఎగిరిపడుతుంది. ఎగిరిన ప్రతిసారీ హిచ్ మీద దెబ్బ. చల్లగా ఉన్నప్పుడు 20, 22 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, వెనక ఇంకో బండి మీద వచ్చే స్నేహితుడిని చూడమనండి. ఎగురుతుంటే ఒకటి రెండు తగ్గించండి. అరగంట నడిపాక టైరు పక్కగోడ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే గాలి తక్కువైంది. ఖాళీ ట్రైలర్‌తో ఎగరడం ఎక్కువ కాబట్టి దాన్ని చూసి హడలిపోకండి, పరీక్ష మీరు వేయబోయే బరువుతోనే చేయాలి.

బరువు. నా లెక్క: ఒంటి చక్రం ట్రైలర్‌లో సామాను 35 కిలోలు హాయి, 45 హద్దు. తయారీదారు ప్లేటు మీద అంతకంటే తక్కువుంటే అదే హద్దు. ఇద్దరెక్కిన బండికైతే ఇంకా కింద ఉండండి. ఎందుకంటే హిచ్ మీద పడే బరువు మీ బండి మోయగల మొత్తం బరువులో భాగమే, అది ట్రైలర్ ఖాతాలోకి పోదు. ఉదాహరణకి ట్రైలర్ 30 కిలోలు, సామాను 35, మొత్తం 65 అనుకుందాం. హిచ్ నుంచి చక్రం ఇరుసు 130 సెంటీమీటర్లు, మొత్తం బరువుకి కేంద్రం ఇరుసుకి 26 సెంటీమీటర్లు ముందుంటే హిచ్ మీద ఐదో వంతు, 13 కిలోలు పడుతుంది. హిచ్ మీ వెనక ఇరుసుకి 60 సెంటీమీటర్లు వెనక ఉంటే ఆ 13 కిలోలు వెనక చక్రం మీద 17, 18 కిలోలుగా పడి, ముందు చక్రం మీదనుంచి నాలుగున్నర కిలోలు ఎత్తేస్తాయి. ఇద్దరు మనుషులు, టాప్ బాక్సు నిండా సామాను ఇప్పటికే ముందు చక్రాన్ని తేలిక చేశాయి, దానికి ఇది కలుస్తుంది. కాబట్టి ట్రైలర్ కట్టినప్పుడు టాప్ బాక్సులో రెయిన్ కోట్లు, చలి కోట్లు తప్ప ఇంకేం పెట్టకండి. బరువైనవి అందులోంచి తీసి ట్రైలర్ అడుక్కి మార్చినప్పుడే ట్రైలర్ వల్ల నిజమైన లాభం. అది కొత్త సామాను కొనుక్కోవడానికి దొరికిన చోటు కాదు.

హిచ్ బరువుని ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద తూచొచ్చు. ట్రైలర్ ముందు కర్ర (హిచ్‌కి తగిలేది) నడిచేటప్పుడు ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో చెక్కముక్కలు పేర్చి, మిషను పెట్టి, కర్ర కొసని దాని మీద ఆనించండి. మొత్తంలో 15 శాతం కంటే తక్కువుంటే బరువు వెనక్కి పోయిందని అర్థం, తోక ఊపడానికి అది మొదటి కారణం. స్టవ్, నీళ్ల క్యాను, పనిముట్లు, కుక్కరు అడుగున, చక్రానికి కొంచెం ముందు. టెంటు దాని మీద. స్లీపింగ్ బ్యాగులు వెనక, పైన. నీళ్లు లీటరుకి కిలో అని మర్చిపోయి 10 లీటర్ల క్యాను చివర్న పెట్టేవాళ్లు ఎక్కువ. ఆవకాయ సీసా తీసుకెళ్లేటట్టయితే ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. ఆ చక్రం మీద ఊపు మీకు తెలిసేదానికంటే చాలా ఎక్కువ, నూనె ఊరి టెంటుకి పట్టిందంటే ఎలుగులు తిరిగే క్యాంపు స్థలాల్లో ఆ వాసన మంచిది కాదు. డబ్బా మూతకి ఉన్న తాళాన్ని నమ్మకుండా పైనుంచి రెండు స్ట్రాపులు వేయండి, వాటి కొసలు చక్రం వైపు వేలాడకుండా ముడేయండి.

వైరింగుకి మీ బండి లైట్ల తీగల్ని కోసి కలపకండి. మీది అన్నీ ఎల్‌ఈడీ, ఇండికేటర్ దగ్గర అదనపు లోడు పడితే బండి దాన్ని పొరపాటుగా చదువుతుంది. ఐసొలేటర్ అని దొరుకుతుంది: దానికి కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు ద్వారా నేరుగా వస్తుంది, బండి తీగల నుంచి సంకేతం మాత్రమే తీసుకుంటుంది. ట్రైలర్ వైపు నాలుగు పిన్నుల చదును కనెక్టర్ ఉంటే రంగులు ఇవి: తెలుపు ఎర్త్, గోధుమ రంగు టెయిల్ లైటు, పసుపు ఎడమ, ఆకుపచ్చ కుడి. ఇందులో బ్రేకూ ఇండికేటరూ ఒకే తీగ మీద నడుస్తాయి, మీ బండిలో విడివిడిగా ఉంటాయి. కాబట్టి ఐదు తీగల్ని నాలుగుకి మార్చే కన్వర్టర్ ఐసొలేటర్‌లోనే ఉన్నది కొనండి. ఎర్త్‌కి తెల్ల తీగని బ్యాటరీ దాకా లాగండి. హిచ్ ఇనుమే ఎర్త్ అయిపోతుందనుకుంటే, గ్రీజు పూసిన బుష్‌ల మీదుగా అది అందీ అందక లైట్లు మిణుకుతాయి. తీగని రెండు వైపులా పూర్తిగా మలిపి చూసి పొడవు తేల్చండి. లాగకూడదు, నేలకి తగలకూడదు, సైలెన్సర్ పక్కనుంచి పోకూడదు.

సేఫ్టీ కేబుల్ వేయండి. హిచ్ విరిగితే ఒంటి చక్రం ట్రైలర్ పడిపోయి ఈడ్చుకొస్తుంది తప్ప వెంట రాదు, ఆ మాట నిజమే. అయినా విడిపోయి ఎదురు లేన్‌లోకి దొర్లడం కంటే అది నయం. కేబుల్‌ని హిచ్ బోల్టుకే కాకుండా ఫ్రేములో వేరే చోటికి కట్టండి, మర ఉన్న క్విక్ లింకుతో.

నడపడం గురించి. మొదటి రోజు ఖాళీ పార్కింగ్ లాట్‌లో 8 అంకె ఆకారంలో తిప్పండి. మీ బండి చిన్న చుట్టులో తిరిగితే ట్రైలర్ చక్రం ఇంకా లోపలికి కోసుకుని వస్తుంది, పెట్రోల్ బంకులో కర్బ్ ఎక్కించేది ఇదే. వెనక్కి నడపడానికి ప్రయత్నించొద్దు. మీ బండికి రివర్స్ ఉన్నా సరే, రెండు మూడు అడుగుల్లోనే ట్రైలర్ మడత పడుతుంది. విప్పి చేత్తో తోసుకోవడం తొందరగా తెములుతుంది. సైడ్ స్టాండు మీద ఆపితే ట్రైలర్ కూడా ఎడమకి ఒరిగి దాని బరువూ స్టాండు మీదే పడుతుంది, ఎండకి మెత్తబడ్డ తారు మీద స్టాండు కింద పలక పెట్టండి. విప్పిన ట్రైలర్ తనంతట నిలబడదు, దానికి సొంత కాళ్లున్నాయో లేదో కొనేముందే చూసుకోండి.

బ్రేకు మలుపుకి ముందే పూర్తి చేయాలి. బండి ఒరిగి ఉండగా గట్టిగా బ్రేకేస్తే ట్రైలర్ హిచ్‌ని ఏటవాలుగా తోస్తుంది, వెనక చక్రం పక్కకి జారుతుంది. 65 కిలోలు అదనం కాబట్టి ఆగే దూరం పదో వంతు దాకా పెరుగుతుంది, వాన పడితే ఇంకా. ముందు బండికి 4 సెకన్ల దూరం ఉంచండి. కొలరాడోలో వుల్ఫ్ క్రీక్ పాస్ అనే కనుమ దిగేటప్పుడు వాలు 7 శాతం దాకా ఉంటుంది, 10,857 అడుగుల నుంచి దిగుతారు. అక్కడ డీసీటీని మాన్యువల్‌లోకి మార్చి, ఇంజనే పట్టుకునేలా గేరు తగ్గించి దిగండి. తోక ఊపడం మొదలైతే హ్యాండిల్‌ని బిగబట్టకూడదు, బ్రేకు వేయకూడదు, "లాగేస్తే సర్దుకుంటుంది" అని వేగం పెంచకూడదు. థ్రాటిల్ నెమ్మదిగా వదిలి, దానంతటదే తగ్గనివ్వాలి. ఆగి చూడాల్సినవి వరసగా: టైరు గాలి, వెనక్కి జరిగిన సామాను, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే బేరింగులో ఆట, హిచ్ బిగింపు. ఇవన్నీ బాగున్నా ఊపుతుంటే తప్పు బండి వెనక టైరులోనే ఉండొచ్చు. మధ్యలో చదునుగా అరిగిన టైరు ట్రైలర్ లేనప్పుడు బయటపడదు.

పక్కగాలి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మీరు వెళ్లే 287 హైవే అమరిల్లో మీదుగా పోతుంది, అక్కడ గాలి మామూలు విషయం. రెండు చక్రాల ట్రైలర్‌కి గాలి కొడితే అదే భరిస్తుంది. మీ ట్రైలర్‌కి కొడితే ఆ తోపు హిచ్ గుండా బండినే ఒరిగిస్తుంది. డబ్బా మూత మీద ఇంకో సంచి కట్టి ఎత్తు పెంచకండి. గాలి బాగా ఉన్న రోజు 55కి దిగండి, ట్రక్కుని దాటేటప్పుడు దాని ముందుకి రాగానే వచ్చే తోపుకి సిద్ధంగా ఉండండి.

ప్రతి పెట్రోల్ ఆగింపు దగ్గరా హబ్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి నిలవకపోతే బేరింగు పోతోంది. మీ వెంట ఉండాల్సినవి: ఒక బేరింగ్ జత, ఒక ట్యూబు గానీ ప్లగ్ కిట్ గానీ చిన్న పంపుతో సహా, హిచ్ పిన్ను, దాని క్లిప్పులు రెండు, ఫ్యూజులు, 10, 13, 17 పానాలు. 10 అంగుళాల స్కూటర్ టైరు చిన్న ఊళ్లలో దొరకదు. దూరం ఎక్కువైతే టైరే ఒకటి డబ్బా అడుగున పడేయండి, 3 కిలోలకి అటూ ఇటూ ఉంటుంది.

చట్టం: రిజిస్ట్రేషన్, ప్లేటు సంగతి రాష్ట్రానికో తీరు, టెక్సాస్‌లో కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో అడగాలి. కాలిఫోర్నియా వైపు వెళ్తే ఏ ట్రైలర్ లాగే బండికైనా 55 మైళ్లే హద్దు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి: అక్కడ ఇంజను 125 సీసీ దాటాలి, ట్రైలర్ వెడల్పు 1 మీటరు మించకూడదు, బండి వెనక ఇరుసు నుంచి ట్రైలర్ చివరికి 2.5 మీటర్లు మించకూడదు, సామానుతో సహా ట్రైలర్ బరువు 150 కిలోలు లేదా బండి కర్బ్ బరువులో (మనుషులూ సామానూ లేని బండి బరువు) మూడింట రెండొంతులు, ఏది తక్కువైతే అది. సింగిల్ క్యారేజ్‌వేలో (మధ్యలో డివైడర్ లేని రోడ్డు) 50 మైళ్లు, మోటార్‌వే మీద 60. హైదరాబాద్, విజయవాడల్లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్‌కి కట్టించుకుందామనుకునేవాళ్లకి: 1988 మోటారు వాహనాల చట్టంలో మోటార్ సైకిల్ నిర్వచనం సైడ్ కార్‌ని కలుపుకుంది, ట్రైలర్‌ని కలుపుకోలేదు. ట్రైలర్ వేరే వాహనం, దానికి రిజిస్ట్రేషన్ కావాలి. ముందు ఆర్టీవో ఆఫీసులో అది చేస్తారో లేదో రాతపూర్వకంగా అడిగాకే వెల్డింగ్ షాపుకి వెళ్లండి.